పిస్టల్ మీది మూడు పచ్చ చుక్కలు: నైట్ సైట్లు ఎందుకు మసకబారతాయి, ఇంట్లో మార్చుకోవడంలో చిక్కు ఎక్కడుంది

అమెరికాలో చట్టబద్ధంగా పిస్టల్ ఉంచుకున్న ఇళ్లలో పదేళ్లు దాటాక ఒక సందేహం తలెత్తుతుంది. కొన్న కొత్తలో గదిలో దీపం ఆర్పగానే గురి చూసే సైట్ల మీద పచ్చగా మెరిసిన మూడు చుక్కలు ఇప్పుడు కళ్లు చిట్లించుకుని వెతికితే తప్ప కనిపించవు. బ్యాటరీ అయిపోయిందేమో అనుకుందామంటే అందులో బ్యాటరీయే లేదు. ఎవరినైనా అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. కొత్తవి మార్చుకోవడం అయిదు నిమిషాల పని, సుత్తి, ఇత్తడి కడ్డీ ఉంటే చాలని కొందరంటారు. అందులో రేడియోధార్మిక పదార్థం ఉంది, చెయ్యి పెట్టవద్దని మరికొందరు భయపెడతారు. రెండింట్లోనూ కొంత నిజముంది. కాని ఆ పనిలో నిజంగా తల బద్దలు కొట్టుకోవలసిన భాగం ఈ రెండు జవాబుల్లోనూ లేదు. అది పాత ముక్కను తీయడంలోనూ లేదు, కొత్తదాన్ని ఎక్కించడంలోనూ లేదు. ఎక్కించినది సరిగ్గా కూర్చుందని తెలుసుకోవడంలో ఉంది.

సైట్ల మార్పిడిని ఒక్కో తుపాకీకి దాని తయారీదారు ఇచ్చిన పుస్తకం ప్రకారమే చేయాలి కాబట్టి ఇక్కడ చేసే పద్ధతి చెప్పడం లేదు. ఆ పని వెనుక ఉన్న భౌతికశాస్త్రం, కొలతలు, చట్టం ఏమిటో మాత్రం విడమరచి చూద్దాం.

సైట్ ఏం చేస్తుంది, నైట్ సైట్ అదనంగా ఏం చేస్తుంది

పిస్టల్ పైభాగంలో ముందుకూ వెనక్కూ కదిలే ఉక్కు భాగాన్ని స్లయిడ్ అంటారు. దాని మీద గుండు బయటికి వచ్చే గొట్టం కొసకు దగ్గరగా ఒక చిన్న దిమ్మె, వెనుక కొసన మధ్యలో గాడి ఉన్న మరో దిమ్మె ఉంటాయి. మొదటిది ముందు సైట్, రెండోది వెనక సైట్. వెనక సైట్ గాడిలోంచి చూసినప్పుడు ముందు సైట్ సరిగ్గా మధ్యలో, పై అంచులు ఒకే మట్టంలో కనిపిస్తే గురి కుదిరినట్టు. ఈ రెండు సైట్ల మధ్య దూరాన్ని సైట్ రేడియస్ అంటారు. గ్లాక్ 19 వంటి మధ్యరకం పిస్టల్‌లో అది సుమారు 153 మిల్లీమీటర్లు, అంటే జానెడు కంటే తక్కువ. ముందు ముందు లెక్కలన్నీ ఈ అంకె చుట్టూనే తిరుగుతాయి కాబట్టి దీన్ని గుర్తుంచుకోవాలి.

మామూలు సైట్ల మీద తెల్లరంగు చుక్కలు ఉంటాయి. వెలుతురులో అవి బాగానే కనిపిస్తాయి, చీకట్లో కనిపించవు. దీనికి మూడు రకాల పరిష్కారాలు వాడుకలో ఉన్నాయి, వీటిని కలగలిపి మాట్లాడటం వల్లే సగం గందరగోళం పుడుతుంది. మొదటిది ఫైబర్ ఆప్టిక్: సన్నని రంగు ప్లాస్టిక్ పుల్ల చుట్టుపక్కల వెలుతురును పోగుచేసి కొసన చుక్కగా చూపిస్తుంది. పగలు ఇది ధగధగలాడుతుంది, చీకట్లో చచ్చిపోతుంది. రెండోది వెలుతురు తాగి తర్వాత కాసేపు మెరిసే రంగు. స్ట్రాన్షియం అల్యూమినేట్ వంటి పదార్థాలు ఈ పని చేస్తాయి, కాని టార్చి చూపించి రేగగొట్టకపోతే కొన్ని గంటల్లో వాటి మెరుపు పలచబడిపోతుంది. మూడోది ట్రిటియం. దీనికి వెలుతురూ అక్కర్లేదు, కరెంటూ అక్కర్లేదు. పెట్టెలో పెట్టి మూడేళ్ల తర్వాత తీసినా అది వెలుగుతూనే ఉంటుంది. తుపాకుల దుకాణంలో నైట్ సైట్ అన్నప్పుడు సాధారణంగా ఈ మూడో రకం గురించే మాట్లాడుతున్నారని అర్థం.

ట్రిటియం: లోపల నడుస్తున్న పన్నెండేళ్ల గడియారం

ట్రిటియం హైడ్రోజన్‌కు అన్నదమ్ముడి వంటిది. మామూలు హైడ్రోజన్ కేంద్రకంలో ఒక ప్రోటాన్ మాత్రమే ఉంటే, దీనిలో ఒక ప్రోటాన్‌తో పాటు రెండు న్యూట్రాన్లు ఉంటాయి. ఈ బరువును కేంద్రకం శాశ్వతంగా మోయలేదు. ఒక ఎలక్ట్రాన్‌ను బయటికి విసిరేసి హీలియం-3గా మారిపోతుంది. అలా విసిరిన ఎలక్ట్రాన్‌నే బీటా కణం అంటారు. 1934లో రూథర్‌ఫోర్డ్, ఒలిఫంట్, హార్టెక్ కేంబ్రిడ్జిలో ఈ పదార్థాన్ని తొలిసారి తయారుచేశారు. నేడు వ్యాపారానికి వచ్చే ట్రిటియంలో చెప్పుకోదగ్గ భాగం భారజల రియాక్టర్ల నుంచి వస్తుంది, ఎందుకంటే భారజలంలోని డ్యుటీరియం రియాక్టర్‌లో న్యూట్రాన్‌ను పట్టుకున్నప్పుడు ట్రిటియం అవుతుంది. కెనడాలోని డార్లింగ్టన్‌లో భారజలం నుంచి దీన్ని వేరుచేసే కేంద్రమే ఉంది. మన మణుగూరులో తయారయ్యే భారజలం కూడా దేశంలోని రియాక్టర్లలో ఇదే విధంగా కొంత ట్రిటియాన్ని పుట్టిస్తుందన్నది తెలుగువారికి దీనితో ఉన్న దూరపు చుట్టరికం.

సైట్‌లో ఉండేది బియ్యపు గింజ కంటే సన్నని గాజు గొట్టం. దాని లోపలి గోడకు జింక్ సల్ఫైడ్ వంటి ఫాస్ఫర్ పొడి పూసి, ట్రిటియం వాయువు నింపి, లేజర్‌తో రెండు కొసలూ కరిగించి మూస్తారు. బయటికి విసిరిన బీటా కణం ఫాస్ఫర్‌కు తగిలినప్పుడు వెలుతురు పుడుతుంది. పాత టీవీల గాజు పలకకు ఎలక్ట్రాన్లు తగిలి బొమ్మ వెలిగినట్టే. ఈ గొట్టాన్ని సన్నని లోహపు తొడుగులో పెట్టి, అదురు తగలకుండా మెత్తని జిగురు మధ్య నిలిపి, ముందు నీలమణి గాజు వంటి కిటికీ అమర్చి ఉక్కు దిమ్మెలో దిగగొడతారు. చుక్క ఎక్కువగా పచ్చగానే ఉండటం అందం కోసం కాదు. చీకటికి అలవాటు పడిన మన కన్ను 507 నానోమీటర్ల దగ్గర, అంటే నీలి ఛాయ కలిసిన పచ్చరంగు దగ్గర, అన్నిటికన్నా చురుగ్గా పనిచేస్తుంది. అదే పరిమాణం ట్రిటియంతో నారింజ రంగు చుక్క చేస్తే అది మసకగా కనిపించడానికి కారణం ఇదే. కొందరు తయారీదారులు ఈ తేడాను కావాలనే వాడుకుని ముందు చుక్కను పచ్చగా, వెనక చుక్కలను నారింజగా పెడతారు.

ఇక మసకబారడం సంగతి. ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్లు. అంటే ఇవాళ ఉన్న పరమాణువుల్లో సగం పన్నెండేళ్ల మూడు నాలుగు నెలలకు హీలియం అయిపోతాయి, మిగిలినవాటిలో సగం ఇంకో పన్నెండేళ్లకు. లెక్క వేస్తే అయిదేళ్లకు 75 శాతం, పదేళ్లకు 57, పదిహేనేళ్లకు 43, ఇరవయ్యేళ్లకు 32, ఇరవై అయిదేళ్లకు దాదాపు 25 శాతం మిగులుతుంది. ఫాస్ఫర్ కూడా ఏళ్ల తరబడి దెబ్బలు తిని నీరసిస్తుంది కాబట్టి కంటికి కనిపించే వెలుగు ఈ అంకెల కంటే ఇంకాస్త తక్కువే ఉంటుంది. మరోవైపు, వెలుతురు సగమైతే కంటికి సరిగ్గా సగమైనట్టు అనిపించదు, దానికంటే తక్కువ తగ్గినట్టే తోస్తుంది. అందుకే ఎనిమిదో ఏడు దాకా ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

ఇక్కడ కొనేవారు తరచుగా పొరబడే విషయం ఒకటుంది. గడియారం మొదలయ్యేది దుకాణంలో కొన్న రోజున కాదు, గొట్టాన్ని మూసిన రోజున. 2010లో తయారైన నైట్ సైట్లున్న పిస్టల్‌ను, పోలీసు శాఖ మార్చేసిన సరుకులో భాగంగా 2025లో చవగ్గా కొన్నవారు కొత్త మెరుపులో 43 శాతానికి మించి ఆశించడానికి లేదు. అది లోపం కాదు, వయసు.

రేడియోధార్మికత: ఎంత భయం న్యాయం

రేడియోధార్మికత అనగానే చాలామందికి 1920ల్లో గడియారాల ముఖాలకు రేడియం రంగు పూసి, కుంచె మొనను పెదాలతో సన్నబరిచి, దవడ ఎముకలు కుళ్లి ప్రాణాలు పోగొట్టుకున్న అమెరికన్ కార్మిక స్త్రీలు గుర్తుకొస్తారు. పోలిక సహజమే, కాని రెండు పదార్థాల స్వభావం వేరు. రేడియం-226 అర్ధాయువు సుమారు 1600 ఏళ్లు, దానితోపాటు చొచ్చుకుపోయే గామా కిరణాలు వెలువడతాయి, ఒంట్లోకి వెళితే ఎముకల్లో కాపురం పెడుతుంది. ట్రిటియం బీటా కణం ఎంత బలహీనమంటే గాలిలో ఆరు మిల్లీమీటర్ల దూరం పోయేసరికి ఆగిపోతుంది. చర్మం మీది మృతకణాల పొరనే దాటలేదు, గాజు గోడను అసలే దాటలేదు. కనుక పగలని సైట్‌ను చేత్తో పట్టుకున్నా, నడుముకు కట్టుకుని ఏళ్లు తిరిగినా అందులోని బీటా కణాలు ఒంటిని చేరవు.

మరి సుత్తి దెబ్బకు గొట్టం పగిలితే? వాయువు గదిలోకి వస్తుంది. హైడ్రోజన్ వాయు రూపంలో పీల్చినది చాలావరకు ఊపిరితో తిరిగి బయటికి పోతుంది. నీటి రూపంలోకి మారిన భాగం మాత్రం ఒంట్లోని నీటితో కలిసి, పది రోజులకు సగం చొప్పున మూత్రం, చెమట ద్వారా తగ్గుతుంది. రేడియోధార్మికతను క్యూరీల్లో కొలుస్తారు. ఒక్క సైట్‌లో ఉండే పరిమాణం మిల్లీక్యూరీల లెక్కలో ఉంటుంది; అమెరికా భవనాల్లో కరెంటు లేకుండా వెలిగే ట్రిటియం ఎగ్జిట్ బోర్డుల్లో అది క్యూరీల లెక్కలో, అంటే వందల రెట్లు ఉంటుంది. కాబట్టి ఒక సైట్ పగలడం మంచిది కాదు గాని ప్రాణాంతకం కాదు. కిటికీలు తెరిచి, పగిలిన ముక్కను వట్టి చేత్తో నలపకుండా సంచిలో మూసి, చేతులు కడుక్కుని, తయారీదారును సంప్రదించడం ఇలాంటప్పుడు సాధారణంగా ఇచ్చే సలహా.

గాడిలో బిగిసిన ముక్క

వడ్రంగులు సొరుగు పెట్టెల మూలలను మేకులు లేకుండా కలపడానికి ఒక అతుకు వాడతారు: గాడి అడుగున వెడల్పుగా, పైన ఇరుకుగా ఉంటుంది, దానిలో సరిపడే ముక్కను పక్కనుంచి తోయాలి తప్ప పైనుంచి పెట్టలేము, పైకి లాగితే రాదు. స్లయిడ్ మీద అడ్డంగా కోసిన డవ్‌టెయిల్ గాడి సరిగ్గా అదే. తేడా ఏమిటంటే ఇక్కడ రెండు వైపులా ఉక్కే, పైగా సైట్ అడుగుభాగాన్ని గాడి కంటే వెంట్రుకవాసి పెద్దగా కావాలనే చేస్తారు. ఆ బిగువే సైట్‌ను నిలబెడుతుంది. వేల గుళ్లు పేలినా, ప్రతి పేలుడుకూ స్లయిడ్ వెనక్కి దూసుకుపోయి ఆగినా కదలకూడదంటే అంత బిగువు ఉండక తప్పదు.

ఈ బిగువును జయించడానికి రెండు దారులున్నాయి. ఒకటి మెత్తని దవడలున్న వైస్‌లో స్లయిడ్‌ను బిగించి, ఇత్తడి లేదా నైలాన్ కడ్డీ పెట్టి సుత్తితో కొట్టడం. రెండోది సైట్ పుషర్ అనే పనిముట్టు: స్లయిడ్‌ను ఒక చట్రంలో బిగించి, మరను తిప్పుతూ ఉంటే ఉక్కు దిమ్మె సైట్‌ను పక్కకు నెమ్మదిగా నెడుతుంది. దగ్గరగా చూస్తే తేడా కళ్లకు కడుతుంది. సుత్తి దెబ్బ ఏ క్షణాన ఎంత కదిలిస్తుందో చెప్పలేము. మొదటి నాలుగు దెబ్బలకు చలించని సైట్ అయిదో దెబ్బకు మూడు మిల్లీమీటర్లు జరుగుతుంది. పుషర్‌లో మర పావు చుట్టు తిరిగినప్పుడల్లా కిర్రుమన్న చిన్న చప్పుడుతో సైట్ గోరు మందం కూడా కాని దూరం జరుగుతుంది. బిగువు మరీ ఎక్కువైతే గాడి అంచున సన్నటి లోహపు పొట్టు చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంది. అది కనిపించిందంటే ఆగి, సైట్‌ను వెనక్కి తీసి, దాని అడుగుభాగాన్ని ఆకురాయితో రెండు మూడు రుద్దులు రుద్ది మళ్లీ చూస్తారు. ఎప్పుడూ అరగదీసేది సైట్‌నే, స్లయిడ్‌ను కాదు. సైట్ పోతే వంద డాలర్లు పోతాయి, స్లయిడ్ గాడి వెడల్పయితే అందులో ఇక ఏ సైట్ కూడా నిలవదు.

గాజు గొట్టాలున్న సైట్ విషయంలో బలం ఎక్కడ పడుతోందన్నది ఇంకా ముఖ్యం. గొట్టాలు పైభాగంలో ఉంటాయి కాబట్టి నెట్టే దిమ్మె అడుగున, గాడికి దగ్గరగా తగలాలి. సైట్ పక్కలు ఏటవాలుగా ఉంటే చదునైన దిమ్మె పై అంచుకు మాత్రమే తగిలి బలమంతా పోయి గొట్టం మీద పడుతుంది. అందుకే మంచి పుషర్లకు వాలు దిమ్మెలు కూడా విడిగా వస్తాయి.

ఇంతవరకూ వెనక సైట్ కథ. ముందు సైట్ ఒక్కో కంపెనీలో ఒక్కోలా ఉంటుంది. గ్లాక్‌లో స్లయిడ్ లోపలి నుంచి వచ్చే ఒక చిట్టి మర ముందు సైట్‌ను పట్టి ఉంచుతుంది, దానికి 3/16 అంగుళాల సన్నని గొట్టపు రెంచి సరిపోతుంది. మర చిన్నది కాబట్టి అతిగా బిగిస్తే తల తెగిపోతుంది, వదులుగా ఉంటే అదురుకు ఊడుతుంది. అందుకే మరలు జారకుండా పట్టే నీలం రంగు జిగురు ఒక బొట్టు వేస్తారు. ఎరుపు రకం జిగురు వేస్తే తర్వాత విప్పడానికి రెండు వందల డిగ్రీలు దాటిన వేడి కావాలి, ఆ వేడి పక్కనున్న ట్రిటియం గొట్టానికి మంచిది కాదు. సిగ్ సావర్ పిస్టళ్లలో ముందూ వెనకా రెండూ డవ్‌టెయిల్ గాడులే, బిగువుకు పేరుమోసినవి. 1911 అనే పాత నమూనా పిస్టళ్లలో కొన్నిటికి ముందు సైట్ కాలును స్లయిడ్ రంధ్రంలో దిగగొట్టి లోపలి నుంచి రివెట్‌లా చదును చేస్తారు. అది ఇంటి బల్ల మీద తేలే పని కాదు.

అన్నిటికన్నా చెప్పుకోవలసిన ఉదాహరణ స్మిత్ అండ్ వెసన్ కంపెనీ ఎం అండ్ పీ పిస్టల్. దానిలో వెనక సైట్ కేవలం గురి చూసే ముక్క కాదు, మూత కూడా. దాని కింద, తూటాను పేల్చే సూదిలాంటి స్ట్రైకర్‌ను ఆపే అడ్డుకట్ట తాలూకు చిన్న స్ప్రింగు, దాని టోపీ ఉంటాయి. సైట్ పక్కకు జరిగిన క్షణాన స్ప్రింగు ఎగిరి గ్యారేజీలో ఏ మూలకో పోతుంది. అది లేకుండా సైట్ బిగించేస్తే, కింద పడ్డప్పుడు పిస్టల్ పేలకుండా ఆపే ఏర్పాటు సరిగా పనిచేయదు. గురి సరిచేద్దామని మొదలుపెట్టిన పని భద్రతను చెడగొట్టడం అంటే ఇదే. ఒక నమూనా మీద అనుభవం మరో నమూనాకు పనికిరాదని తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌లు పదే పదే అనడానికి కారణం ఇలాంటి దాచిన భాగాలే.

ఈ పనంతా పిడి ఉన్న కింది భాగమైన ఫ్రేమ్ నుంచి స్లయిడ్‌ను విడదీశాకే జరుగుతుంది. విడదీయడానికి ముందే తూటాలుండే మేగజీన్ తీసి, పేలబోయే తూటా కూర్చునే ఛాంబర్‌ను కంటితోనూ వేలితోనూ చూసుకుని, తూటాలను ఆ గదిలో లేకుండా చేయాలన్న నియమం లాంఛనం కాదు. గ్లాక్ వంటి పిస్టళ్లలో స్లయిడ్ ఊడదీయాలంటే ముందుగా ట్రిగ్గర్ నొక్కాలి. లోపల ఒక్క తూటా మరిచిపోయినా ఆ నొక్కుకే పేలుతుంది. శుభ్రం చేస్తుండగా తుపాకీ పేలిందన్న వార్తల వెనుక తరచుగా ఉండేది ఆ క్షణమే.

అర మిల్లీమీటరు ఎంత దూరం పోతుంది

మెకానికల్ పెన్సిల్‌లో వేసే 0.5 పుల్ల మందాన్ని ఊహించుకోండి. వెనక సైట్ మధ్యనుంచి సరిగ్గా అంత పక్కకు జరిగి కూర్చుందనుకుందాం. కంటికి అది మధ్యలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. కాని సైట్ తప్పును సైట్ రేడియస్‌తో భాగించి లక్ష్యం దూరంతో గుణిస్తే గుండు ఎంత పక్కకు పడుతుందో తెలుస్తుంది. 0.5ను 153తో భాగించి, 25 గజాలు అంటే 22,860 మిల్లీమీటర్లతో గుణిస్తే సుమారు 75 మిల్లీమీటర్లు వస్తుంది. పెన్సిల్ పుల్లంత పొరపాటు అరచేయి వెడల్పంత పక్కకు తప్పించింది. అదే ఏడు గజాల దూరంలో అయితే తేడా 21 మిల్లీమీటర్లే, దాదాపు రూపాయి బిళ్లంత. సైట్లు మార్చుకున్న ఇద్దరిలో ఒకరు సరిగ్గానే ఉందని, మరొకరు చెడిపోయిందని వాదించుకోవడం తరచుగా వారు ఎంత దూరంలో కాల్చి చూశారన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఎత్తు విషయం కూడా ఇంతే. గ్లాక్ వెనక సైట్లు 6.1, 6.5, 6.9, 7.3 మిల్లీమీటర్ల ఎత్తుల్లో వస్తాయి, ఒక్కో మెట్టుకు 0.4 మిల్లీమీటర్ల తేడా. 6.5 తీసి 6.9 పెడితే 25 గజాల దగ్గర గుండు దాదాపు 60 మిల్లీమీటర్లు పైకి పోతుంది. వెనక సైట్‌ను ఎటు జరిపితే గుండు అటే పోతుంది. ముందు సైట్ దీనికి పూర్తిగా వ్యతిరేకం, అది ఎత్తయితే గుండు కిందికి దిగుతుంది. ముందూ వెనకా వేర్వేరు కంపెనీల సైట్లు కలిపి పెట్టినప్పుడు ఎత్తులు పొసగక గుళ్లన్నీ కిందికో పైకో పడటం ఈ లెక్క తప్పడం వల్లే. రెండూ ఒకే జతగా కొనమని చెప్పేది అందుకే.

ఇప్పుడు వెనక్కి లెక్క వేద్దాం. కొత్త సైట్లు పెట్టాక 15 గజాల దూరంలో, అంటే 13.7 మీటర్లలో, గుళ్లన్నీ ఒకేచోట గుమిగూడి 5 సెంటీమీటర్లు ఎడమకు పడ్డాయి. 50 మిల్లీమీటర్లను 13,700తో భాగించి 153తో గుణిస్తే 0.56. వెనక సైట్ కుడికి అర మిల్లీమీటరుకు కాస్త పైగా జరగాలి. సుత్తితో అంత కచ్చితంగా జరపడం అదృష్టం మీద ఆధారపడిన పని, పుషర్ మరతో అది సాధ్యం.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. కుడిచేతివాటం వారు ట్రిగ్గర్‌ను నొక్కేటప్పుడు పిడికిలి కూడా బిగిస్తే, లేదా చప్పుడుకు ముందే ఉలిక్కిపడితే, గుళ్లు ఎడమకూ కిందికీ పడతాయి. అది సైట్ తప్పు కాదు, చేతి తప్పు. ఆ సంగతి తెలియక సైట్‌ను కుడికి జరిపితే, తర్వాత చేతివాటం కుదురుకున్న రోజున గుళ్లు కుడికి పడటం మొదలవుతుంది. అందుకే ముందుగా చేతిని ఇసుక సంచి మీద ఆనించి కాల్చి చూడటం, లేదా అనుభవం ఉన్న మరొకరి చేత అదే పిస్టల్‌తో కాల్పించి చూడటం పద్ధతి. ఇద్దరి గుళ్లూ ఒకే పక్కకు పడితే అప్పుడు సైట్‌ను అనుమానించాలి. దీన్నిబట్టి సైట్ల మార్పిడి బల్ల మీద మొదలై షూటింగ్ రేంజ్‌లో ముగుస్తుంది. బల్ల దగ్గరే ముగిసిందనుకున్నవారి పని సగంలో ఆగినట్టే.

ఇంట్లోనా, గన్‌స్మిత్ దగ్గరా

ఇంట్లో చేసుకోవాలనేవారి వాదన తేలికగా తీసిపారేయదగింది కాదు. ఒక మోస్తరు పుషర్ ధర సైట్ల జత ధరకు అటూఇటూగా ఉంటుంది, ఒకసారి కొంటే జీవితాంతం ఉంటుంది. నాలుగైదు పిస్టళ్లున్న వారికి, లేదా రేంజ్‌లో చిన్న సర్దుబాట్లు తరచుగా చేసుకునేవారికి అది గిట్టుబాటవుతుంది. తన ఆయుధం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం యజమాని బాధ్యతలో భాగమని కూడా వారంటారు.

గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లమనేవారి వాదన అనుభవం మీద నిలబడింది. ఆయన చేయి ఏడాదికి ఎన్నో స్లయిడ్ల మీద పడుతుంది. ఏ నమూనా కింద ఏ స్ప్రింగు దాగి ఉందో ఆయనకు కంఠతా వచ్చు. ఆయన దగ్గర గొట్టం పగిలితే సాధారణంగా నష్టం ఆయనదే. చాలామంది పిస్టల్ మొత్తం కాకుండా స్లయిడ్ ఒక్కటే పంపుతారు, ఎందుకంటే అమెరికా ఫెడరల్ చట్టం దృష్టిలో తుపాకీ అంటే ఫ్రేమ్, స్లయిడ్ విడి భాగమే. ఒకే ఒక్క పిస్టల్ ఉండి, పుష్కరానికి ఒకసారి సైట్లు మార్చేవారు పనిముట్టు కోసం పెట్టే ఖర్చు కూలి కంటే ఎక్కువే అవుతుందన్నది మామూలు కూడికతో తేలే విషయం. అందువల్ల ప్రశ్న నైపుణ్యం కంటే ఎన్నిసార్లు చేస్తారన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఎం అండ్ పీ, 1911 వంటి వాటిలో మాత్రం నైపుణ్యానిదే పైచేయి.

అసలు నైట్ సైట్లు అవసరమా

ఇది తుపాకీ శిక్షకుల్లోనే తెగని తగువు. ఒక పక్షం ఇలా అంటుంది: సైట్లు కనిపించనంత చీకటిలో ఎదుటి మనిషి దొంగో, నీళ్ల కోసం లేచిన సొంత పిల్లవాడో కూడా కనిపించదు. ఎవరో తెలియకుండా కాల్చకూడదు కాబట్టి టార్చి వేయక తప్పదు. టార్చి వేశాక ఆ వెలుతురు ముందు సైట్లు నల్లగా, స్పష్టంగా కనిపిస్తాయి, ఇక ట్రిటియం చుక్కకు పనేముంది? రెండో పక్షం జవాబు: చీకటి అంటే కటిక చీకటి ఒక్కటే కాదు. వీధిదీపం కింద నిలబడ్డ మనిషిని గుర్తుపట్టగలిగినా, మన వైపు నీడ ఉండి సైట్లు నల్లని గోడలో కలిసిపోయే వేళలున్నాయి, మునిమాపు అలాంటిదే. అప్పుడు చుక్క ఉపయోగపడుతుంది. పైగా చీకటి గదిలో సొరుగు తెరిచినప్పుడు పిస్టల్ ఎక్కడుందో, ఏ దిక్కుకు తిరిగి ఉందో కూడా అది చెబుతుంది.

మొదటి వాదన తర్కం బలమైనది. రెండోది దాన్ని కొట్టేయదు గాని, అది అన్వయించని వేళలు కొన్ని ఉన్నాయని చూపుతుంది. ఇద్దరూ ఒప్పుకునేది ఒకటుంది: వెలుతురులోంచి చీకట్లోకి హఠాత్తుగా వచ్చిన కంటికి ట్రిటియం చుక్క వెంటనే కనిపించదు, కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. ప్రకటనల్లోని ఫొటోలు పూర్తిగా చీకటి చేసిన గదిలో తీసినవి కాబట్టి ఆ మెరుపే ఎప్పుడూ ఉంటుందని అనుకోకూడదు. స్లయిడ్ మీద బిగించే, గురిని ఎర్ర చుక్కగా చూపే రెడ్ డాట్ అద్దాలు ప్రాచుర్యంలోకి వచ్చాక ఈ తగువు కొంత పాతబడింది, అయితే వాటికి బ్యాటరీ కావాలి. బ్యాటరీ పోయిననాడు అక్కరకు వస్తాయని చాలామంది అద్దం గుండా కనిపించేంత ఎత్తైన సైట్లను కూడా ఉంచుకుంటారు, వాటిలోనూ ట్రిటియం రకాలున్నాయి.

చట్టం: అక్కడ వీసా, ఇక్కడ లైసెన్సు

అమెరికాలో ట్రిటియం సైట్లు తయారుచేసి అమ్మేవారికి న్యూక్లియర్ రెగ్యులేటరీ కమిషన్ లైసెన్సు కావాలి. కొనుక్కుని వాడుకునేవారికి అక్కర్లేదు. స్వయంగా వెలిగే వస్తువుల విషయంలో వాడకందారులకు నిబంధనలు మినహాయింపు ఇస్తున్నాయి. అదే నిబంధన బొమ్మలకు, ఆభరణాలకు, వట్టి సరదా వస్తువులకు ట్రిటియం వాడటాన్ని మినహాయింపులోంచి తొలగించింది. అందుకే ట్రిటియం తాళపుచెవుల గొలుసు అక్కడ దుకాణంలో పెట్టి అమ్మడం కుదరదు, సైట్ అమ్మవచ్చు. సొంత పిస్టల్ సైట్లు సొంతంగా మార్చుకోవడానికి ఫెడరల్ లైసెన్సు ఏదీ అవసరం లేదు. ఇతరుల తుపాకులు బాగుచేయడం వ్యాపారంగా పెట్టుకుంటే మాత్రం తుపాకుల లైసెన్సు కావాలి.

తెలుగువారికి ముఖ్యమైన మెలిక వేరే ఉంది. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 వంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాలపై ఉన్నవారు తుపాకీ గాని, తూటాలు గాని కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తోంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉండటం వంటి కొన్ని మినహాయింపులున్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. సైట్ తుపాకీ కాదు కాబట్టి అది సొరుగులో ఉండటం వేరు. దాన్ని బిగించాక రేంజ్‌కు వెళ్లి పరీక్షించడానికి పిస్టల్, తూటాలు చేతిలోకి తీసుకోవడం వేరు. స్నేహితుడి గ్యారేజీలో ఆదివారం పూట సాయం పడుతున్న వీసాదారు ఈ తేడాను ముందే తెలుసుకోవడం మేలు. అద్దె తుపాకీతో కాల్చినా ఇదే ప్రశ్న వస్తుంది.

భారతదేశంలో కథ మరోలా ఉంటుంది. 1959 ఆయుధాల చట్టంలో ఆయుధం అనే మాటకిచ్చిన నిర్వచనంలోనే దాని భాగాలు కూడా చేరి ఉన్నాయి. ఆయుధాలను మార్చడానికీ, బాగుచేయడానికీ ప్రత్యేకంగా లైసెన్సు ఉండాలని అయిదో సెక్షన్ చెబుతుంది. కాబట్టి లైసెన్సు పిస్టల్ ఉన్నవారు దాని పని ఆయుధాలు బాగుచేసే అధీకృత ఆర్మరర్ దగ్గర చేయించుకోవడమే నిశ్చింత. 2019 సవరణ తర్వాత మామూలుగా ఒక్కొక్కరు ఉంచుకోగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. అమెరికా నుంచి వచ్చే అన్నయ్య సూట్‌కేసులో ట్రిటియం సైట్లు తెప్పించుకుందామనుకునేవారికి రెండు గడపలు అడ్డుపడతాయి: తుపాకీ సంబంధమైన వస్తువు దిగుమతి కాబట్టి ఆయుధ చట్టం, రేడియోధార్మిక పదార్థం కాబట్టి అణుశక్తి నియంత్రణ మండలి పరిధిలోని నిబంధనలు. విమానాశ్రయంలో ఈ రెండూ వివరించుకోవడం ఎవరికీ సుఖమైన పని కాదు.

తీసేసిన పాత సైట్లు

కొత్తవి బిగించాక పాతవి బల్ల సొరుగులో మిగులుతాయి. వెలుగు పోయింది కాబట్టి అవి ఖాళీ అయ్యాయని అనుకోవడం సహజం. కాని ఇరవయ్యేళ్ల సైట్‌లో మొదట నింపిన ట్రిటియంలో దాదాపు మూడో వంతు ఇంకా ఉంటుంది. తగ్గింది ట్రిటియం, అలసిపోయింది ఫాస్ఫర్, దానితోపాటు మన సహనం. చెత్తబుట్టలో వేస్తే చెత్త లారీ ఒత్తిడికి గొట్టం పగులుతుంది. చాలా కంపెనీలు తాము తయారుచేసిన పాత సైట్లను వెనక్కి తీసుకుంటాయి, కొన్ని పాత దిమ్మెల్లోనే కొత్త గొట్టాలు అమర్చి తిరిగి పంపుతాయి. అలా చేయించుకుంటే సైట్ ఎత్తు మారదు. కాని దాన్ని గాడిలోంచి తీసి మళ్లీ ఎక్కించాలి కాబట్టి అర మిల్లీమీటరు లెక్క మాత్రం మళ్లీ మొదటినుంచి చూసుకోవలసిందే.